పడవవాడిని కేకేసే చనువు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లవారేసరికి విజయవాడ సింగ్‌నగర్‌లో మా కింది వాటాలోకి బుడమేరు వాగు వచ్చేసింది. అద్దెకున్నవాళ్ళు పిల్లల్ని, గ్యాస్ సిలిండర్ని, కుక్కపిల్లని పట్టుకుని పైకి వచ్చేశారు. మొత్తం తొమ్మిది మందిమి, నాలుగు రోజులు మేడ మీదే. మావారు ఇరిగేషన్‌లో చేసి రిటైరైన మనిషి. ఫోన్లో చార్జింగ్ ఉన్నంతసేపు ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులో కనుక్కుంటూనే ఉన్నారు, క్రికెట్ స్కోరు అడిగినట్టు. 11 లక్షల 43 వేలు అని తెలిశాక ఫోన్ ఆఫ్ అయిపోయింది. 2009 రికార్డు పోయిందని ఆయన గొంతులో ఏదో గర్వం లాంటిది వినపడి నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లోకొచ్చింది కృష్ణ నీళ్ళు కాదు, బుడమేరువి. ఆ తేడా కూడా ఆయనే చెప్పారు, నడుంలోతు నీళ్ళలో తేలుతున్న మా సోఫాని చూస్తూ.

మూడోరోజు డ్రోన్ మీద వచ్చిన పులిహోర పొట్లం పక్కింటివాళ్ళ సింటెక్స్ ట్యాంకు మీద పడింది. పిట్టగోడ మీంచి కర్రతో దాన్ని లాక్కునే ప్రయత్నం చేస్తూ ఆయనన్నారు: "ఏమోయ్, ఎలాగూ దీవిలోనే ఉన్నాం. చుట్టూ సముద్రం ఉన్న దీవిలో ఉంటే పోలా?"

నవ్వులాటకు అన్నమాట. కానీ అరవై దాటిన మొగుడూ పెళ్ళాల మధ్య నవ్వులాటలు అంత తేలిగ్గా పోవు. నీళ్ళు తీశాక కింది వాటాలో బురద ఎత్తిపోస్తుంటే, టీవీలో అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మార్చారని వార్త వచ్చింది. సెప్టెంబరు 13న. వరద వచ్చి పట్టుమని రెండు వారాలు కాలేదు. విజయవాడ నుంచి విజయపురానికి! నేను చీపురు పక్కన పెట్టి, "ఇదిగో, పిలుపు వచ్చింది" అన్నాను. మా తమ్ముడు అక్కడే ఉద్యోగం. ఆయన మాత్రం, "దీవంటే అది కాదు, మారిషస్" అన్నారు. ఆయన సహోద్యోగి ఒకాయన అక్కడ స్థిరపడ్డారు. ఉగాదికి అక్కడ దేశమంతా సెలవట, తెలుగువాళ్ళ పండుగని. అప్పటి నుంచి మా ఇంట్లో రెండు పార్టీలు.

ఏడాది పాటు ఈ వాదన నడిచాక నాకు తెలిసిందేమిటంటే, ఇసుక, గాలి, నీలం రంగు నీళ్ళు, ఇవన్నీ చూసి దీవిని ఎంచుకోవడం పెళ్ళికొడుకు ఫోటో చూసి పిల్లనిచ్చినట్టే. చూడాల్సింది ఇంకొకటుంది. అదేమిటో నాకు మా అమ్మమ్మ వల్ల తెలుసు. తెలుసన్న సంగతి తెలియడానికే ఇంతకాలం పట్టింది.

నాకు నచ్చిన జులై

పోయిన ఏడాది ఏప్రిల్లో మా తమ్ముడి దగ్గర మూడు వారాలు, జులైలో మారిషస్‌లో రెండు వారాలు ఉండి వచ్చాం. ముందు మారిషస్ సంగతే చెప్తాను, ఎందుకంటే ఓడిపోయిన పక్షాన్ని గౌరవంగా సాగనంపాలి.

నిజం చెప్పాలంటే అక్కడ దిగిన మొదటి గంటలోనే నా వాదన సగం చచ్చిపోయింది. జులై అక్కడ చలికాలం. మధ్యలో ఎత్తు మీదున్న క్యూర్‌పీప్‌లో తుంపర పడుతుంటే విజయవాడ ఆడదాన్ని, స్వెట్టర్ వేసుకుని నిలబడి, ఇక నేను రాను మీరు వెళ్ళండి అనుకున్నాను. మొత్తం దీవి మన పాత కృష్ణా జిల్లాలో నాలుగో వంతు కూడా ఉండదు. అందులో పన్నెండు లక్షల పైచిలుకు జనం. ఏ మూల నుంచి ఏ మూలకైనా పొద్దున బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు. రాజధాని పోర్ట్ లూయీ నుంచి క్యూర్‌పీప్ దాకా మెట్రో ఉంది. మనకు మెట్రో గురించి వార్తలున్నాయి.

మాకు గది ఇచ్చిన ఆవిడ తెలుగావిడే. అంటే ఐదారు తరాల కిందటి తెలుగు. అప్పట్లో కోరంగి రేవు నుంచి ఓడెక్కిన వాళ్ళని అక్కడ కోరంగివాళ్ళనే పిలిచేవారట. మమ్మల్ని చూడగానే చేతులు జోడించి, "నమస్కారం, ఎలా ఉన్నారు, భోజనం చేశారా" అంది, ముత్యాల్లాంటి తెలుగు. నేను పొంగిపోయి మా వరద కథంతా మొదలుపెట్టాను. ఆవిడ నవ్వుతూ చూస్తోంది. ఆ మూడు వాక్యాల తర్వాత ఇక తెలుగు లేదని నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. ఇంట్లో మాట్లాడేది క్రియోలు అనే అక్కడి భాష. కానీ రాత్రి దీపస్తంభం చుట్టూ తిరుగుతూ వాళ్ళు రామభజనం పాడితే, సింహాద్రి అప్పన్న పూజ సంగతి చెప్తే, మా వీధిలో ఎంతమందికి అంత పట్టింపు ఉందా అని సిగ్గేసింది. మాట పోయింది, దేవుడు మిగిలాడు. మనకిక్కడ మాటైనా పూర్తిగా మిగిలిందా అంటే, మా మనవడితో ఐదు నిమిషాలు మాట్లాడి చూడండి.

ఆ ఊరి మనుషుల్లో నాకు బాగా నచ్చింది తుఫానంటే వాళ్ళకున్న క్రమశిక్షణ. ఒకటో తరగతి, రెండో తరగతి అని నాలుగు మెట్లుంటాయి హెచ్చరికలో. నాలుగంటే గాలి అప్పటికే గంటకి 120 కిలోమీటర్లు దాటిందని, గడప దాటకూడదని. 1960లో కరోల్ అనే తుఫాను వేల ఇళ్ళని ఊడ్చేశాక గడ్డి, రేకు వదిలేసి కాంక్రీటు కట్టుకున్నారు. ఇప్పుడు ఏ పల్లెకి వెళ్ళినా చదరపు స్లాబు ఇళ్ళే. అందానికేం లేవు, సింగ్‌నగరే. కాకపోతే అది నేర్చుకున్న పాఠం, మనది అప్పులో కట్టుకున్న ఇల్లు.

అయితే ఒక చిక్కుంది. వాళ్ళకి తుఫానులు ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి. అంటే పిల్లలు సంక్రాంతికి వద్దామనుకునే రోజులు. బెలాల్ తుఫాను పోర్ట్ లూయీ వీధుల్లో కార్లని కొట్టుకుపోయేలా చేసింది 2024 జనవరి 15న. ఆ ఏడాది మన సంక్రాంతి సరిగ్గా ఆ రోజే. "భోగి పిడకలు ఏ సముద్రంలో వేస్తావ్" అని మా చెల్లెలు ఫోన్లో ఒకటే నవ్వు.

ఇక డబ్బు. యాభై దాటిన విదేశీయులు రిటైరై అక్కడ ఉండొచ్చు, పదేళ్ళ పర్మిట్ ఇస్తారు. కాకపోతే నెలనెలా ఇన్ని డాలర్లు బయటి నుంచి తెప్పించుకోవాలని షరతు. మావారి పెన్షన్ రూపాయల్లో. డాలర్ పెరిగినప్పుడల్లా పెన్షన్ పెరగదు కదా. ఇల్లు కొందామంటే విదేశీయులు నచ్చిన వీధిలో నచ్చిన ఇల్లు కొనడానికి లేదు, ప్రభుత్వం ఒప్పుకున్న స్కీముల్లోనే కొనాలి. ఆ స్కీముల ధరలు విని మావారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ తియ్యలేదు.

ఏప్రిల్ నీళ్ళు

అండమాన్‌కి టూరిస్టులు డిసెంబర్లో వెళ్తారు. నేను పట్టుబట్టి ఏప్రిల్లో వెళ్దామన్నాను. కోడలిని ఎంచుకునేటప్పుడు పెళ్ళిపందిట్లో కాదు, పనిమనిషి రాని రోజున చూడాలి.

లెక్క విచిత్రంగా ఉంటుంది. అండమాన్ నికోబార్ దీవులన్నీ కలిపితే మన పాత కృష్ణా జిల్లా అంత. మనుషులు 2011 లెక్కల్లో మూడు లక్షల ఎనభై వేలు. ఒక్క విజయవాడలోనే అప్పటికి పది లక్షలు. మిగతాదంతా అడవి. ఏటా మూడు మీటర్ల వాన పడుతుంది, మనకంటే మూడు రెట్లు. అయినా ఏప్రిల్లో మా తమ్ముడింటికి కుళాయి నీళ్ళు మూడు రోజులకోసారి. ఊరికి నీళ్ళిచ్చే ధనిఖారి డ్యాములో నీటిమట్టం ఎంతుందో అక్కడ స్కూలు పిల్లలక్కూడా తెలుసు. వాన పడ్డ నీరు పడ్డట్టే సముద్రంలోకి జారిపోతుంది, నిలవడానికి నదులా పాడా. మావారు రెండ్రోజులు ఆ కొండలు చూసి, ఎక్కడెక్కడ చెక్‌డ్యాములు కట్టొచ్చో తమ్ముడి డైరీలో బొమ్మలు గీసిచ్చారు. అలవాటు పోదు.

కూరగాయల్లో చాలా భాగం ఓడలో రావాలి. టమాటా ధర మనకూ వాళ్ళకూ పొంతన ఉండదు. చేపలు మాత్రం అడక్కండి. సాయంత్రం ఐదున్నర దాటితే చీకటి, ఎందుకంటే గడియారం మనది, సూర్యుడు వాళ్ళది. తెల్లవారుజామున ఐదింటికే ఎండ మొహం మీద కొట్టి లేపుతుంది. మొదటివారం మావారు ఏడింటికల్లా నిద్రపోయి, మూడింటికి లేచి నన్ను కాఫీ అడిగారు. విడాకుల దాకా వెళ్ళాం.

నన్ను అండమాన్ వైపు గట్టిగా నిలబెట్టింది అదేదీ కాదు. ఎదురింటావిడ.

శ్రీకాకుళం మనిషి. పెళ్ళై వచ్చి ముప్ఫై ఏళ్ళట. ఆ రోజు నీళ్ళు రావాలి, రాలేదు. వాల్వు తిప్పే అతను సైకిల్ మీద వీధి మలుపు తిరుగుతున్నాడో లేదో, ఈవిడ గేటు దగ్గర నుంచే అందుకుంది. "ఏటి బాబూ, మూడు రోజులైపోనాది, నీళ్ళేవి? మీ ఇంట్లో సేపల పులుసుకి మట్టుకు నీళ్ళొచ్చీసినాయి కదా!" ఆ అబ్బాయి బెంగాలీ. తెలుగు ముక్క రాదనుకున్నాను. వాడు సైకిల్ ఆపి, హిందీలో ఏదో సర్దిచెప్పి, చివర్లో తెలుగులో "వస్తాది వస్తాది, అమ్మా" అన్నాడు. ఆవిడ హిందీకి మారి ఇంకో డోసు ఇచ్చింది. గంటలో నీళ్ళు వచ్చాయా అంటే, రాలేదు. సాయంత్రం ట్యాంకర్ వచ్చింది. ఆ అబ్బాయే దగ్గరుండి ముందు ఈవిడ బిందెలు నింపించాడు.

అక్కడ నూటికి పదమూడు మంది తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళని జనాభా లెక్కలు చెప్తాయి. ఆ అంకె నేను పిల్లలకి పాఠం చెప్పినప్పుడు కూడా చెప్పే ఉంటాను. కానీ ఆ అంకెకి గొంతు ఎలా ఉంటుందో ఆ రోజే విన్నాను.

రాత్రి పడుకున్నాక నాకు మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. కొల్లూరు దగ్గర కృష్ణలో ఒక లంక. పసుపు, అరటి, కంద పండే నేల. అదీ దీవే కదా. మన భాషలో దీవికి లంక అని ఉంది, దివి అని ఉంది, దివిసీమ అని ఒక సీమే ఉంది. అయినా దీవి అనగానే మనకి విమానం టికెట్టే గుర్తొస్తుంది. అమ్మమ్మ లంకలో డాక్టర్ లేడు, బజారు లేదు. ఒక పడవ, ఒక పడవవాడు. అతనికి ఏటా వడ్లు కొలిచేవాళ్ళు. అవతలి ఒడ్డుకి ఎవరైనా రాత్రివేళ వస్తే రేవులో నిలబడి "ఒరేయ్, పడవ తేరా" అని కేక వేసేవాళ్ళు. అతను తిట్టుకుంటూ లేచి వచ్చేవాడు. మా అమ్మకి నొప్పులు మొదలైన రాత్రి కూడా అలాగే వచ్చాడట, ఏటిలో వరద మొదలవుతున్నా. డబ్బిస్తే వచ్చేవాడు కాదు. కేకేసే చనువుంటేనే వచ్చేవాడు. వరదకి ముందు గొడ్లని కరకట్ట మీదికి తోలాలని ఇంటింటికీ చెప్పిందీ అతనే.

దీవిలో బతకడానికి కావాల్సింది ఆ చనువే అనిపించింది నాకు. సముద్రం మధ్యలో ఏదో ఒకటి ఆగిపోతూనే ఉంటుంది: ఓడ, కరెంటు, నీళ్ళు, విమానం. ఆగినప్పుడు ఎవరి మీద కేకలేయగలనో, ఎవరు ఆ కేకని పట్టించుకుంటారో చూసుకోవాలి. సింగ్‌నగర్లో నాలుగోరోజు పడవ వచ్చినప్పుడు, పాలప్యాకెట్లు ఎదుటి వీధికే ఇస్తున్నారని నేను పిట్టగోడ ఎక్కి అరిచిన అరుపు నాకే కొత్త. ముప్ఫై ఏళ్ళు క్లాసులో అరిచినా అంత గొంతు రాలేదు. ఆ అరుపుకి పడవ వెనక్కి తిరిగింది. మారిషస్‌లో నేనలా అరవగలనా? మంచి అద్దెదారులా నవ్వి ఊరుకుంటాను. అతిథికి కోపం రాకూడదు, వస్తే పర్మిట్ గుర్తొస్తుంది.

ఓటు దగ్గర దెబ్బతిన్నాను

ఇదంతా మావారికి చెప్పాను, కాస్త గర్వంగానే. ఆయన వాదనకి వాదన పెట్టరు. వారం రోజులు మాట్లాడకుండా కాగితాలు తిరగేస్తారు. తర్వాత వచ్చి కొడతారు.

మొదటి దెబ్బ: "అండమాన్‌లో అసెంబ్లీ లేదు తెలుసా? కేంద్రపాలిత ప్రాంతం. లోక్‌సభకి ఒక్క ఎంపీ. నీ కేకలు వినడానికి ఎమ్మెల్యే కూడా లేడు. దీవంతా ఢిల్లీ చెప్పినట్టు నడుస్తుంది."

నిజమే. సోషల్ టీచర్ని, నాకు తెలియదా. కానీ తెలియడం వేరు, ఎదురుదెబ్బగా వినడం వేరు.

రెండో దెబ్బ ఇంకా గట్టిది: "మారిషస్ రాజ్యాంగంలో ఏముందో చూశావా? కామన్వెల్త్ దేశాల పౌరులు రెండేళ్ళు అక్కడ నివాసముంటే ఓటరుగా నమోదు కావచ్చు. ఇండియా కామన్వెల్తే. నువ్వక్కడ అతిథివి కాదు, ఓటరువి!"

ఇది నాకు నిజంగా తెలియదు. 2024 నవంబరులో అక్కడ ప్రతిపక్షం 62 సీట్లలో 60 గెలిచిందని మా గది ఆవిడ వేళ్ళు చూపించి చెప్పినప్పుడు, ఇదంతా వాళ్ళ గొడవ అనుకుని తలూపాను. ఆ గొడవలో నాకూ చోటుంటుందంటే, నా వాదనకి కింద నేల జారినట్టయింది.

రెండ్రోజులు ఆలోచించాను. నాకు దొరికిన జవాబు ఇది. ఓటు కాగితం మీద వస్తుంది, చనువు రాదు. మా గది ఆవిడకి అక్కడ ఓటూ ఉంది, ముత్తాతల సమాధులూ ఉన్నాయి, క్రియోల్లో తిట్లూ ఉన్నాయి. నాకు ఉండేది మొదటిదొక్కటే. అది కూడా పర్మిట్ ఉన్నంతకాలం. అండమాన్‌లో ఎమ్మెల్యే లేకపోవచ్చు, కానీ వాల్వు తిప్పే అబ్బాయి ఉన్నాడు. వాడికి అర్థమయ్యే హిందీ నాకు వచ్చు, కాస్త ముక్కుతూ మూలుగుతూ.

ఈ జవాబు పూర్తిగా నాకే నచ్చలేదు. ఎదురింటావిడ చనువు ముప్ఫై ఏళ్ళది. నేను వెళ్ళిన మొదటిరోజే అలా అరిస్తే ఆ అబ్బాయి సైకిల్ ఆపుతాడా? అరవై ఏళ్ళకి మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళ చనువు సంపాదించాలంటే లెక్క కుదరదు. తమ్ముడు ఉన్నాడు కాబట్టి అరువు చనువు కొంత దొరుకుతుంది, అంతే.

ఇంకోటి కూడా ఉంది, దాని గురించి మావారు ఏమీ అనలేదు, నేనే అనుకున్నాను. మూడు రోజులకోసారి నీళ్ళొచ్చే ఊరికి ఇంకో రెండు బిందెలు పట్టుకెళ్ళడం ఏం న్యాయం? అక్కడ అడవి అంటే ఖాళీ జాగా కాదు, జరావా ఆదివాసులది. వాళ్ళ అడవి గుండా వేసిన రోడ్డు మీద బళ్ళు గుంపుగా, పోలీసు కాపలాతో పోతాయి, మధ్యలో ఆపకూడదు, ఫోటో తియ్యకూడదు. మేం ఆ దారిన వెళ్ళాం. కిటికీ వైపు చూడాలా వద్దా అని తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ దీవిలో 'మన' అనుకునే ముందు కాస్త గొంతు తగ్గించుకోవాల్సిన చోటు కూడా ఉంది. కేకల గురించి ఇంత రాసినదాన్ని, ఈ మాట దాటేస్తే అబద్ధమవుతుంది.

గుండె దగ్గర నా వాదన కుంటుతుంది

మావారికి రెండు స్టెంట్లున్నాయి. ఇక్కడ మా ఇంటి నుంచి ఆటోలో పదిహేను నిమిషాల్లో పెద్దాసుపత్రి. తమ్ముడి పక్కింటాయనకి గుండె నొప్పి వచ్చినప్పుడు అక్కడ మొదటి చికిత్స చేసి, మిగతాదానికి చెన్నై తీసుకెళ్ళమన్నారు. చెన్నై అంటే సముద్రం మీద 1,300 కిలోమీటర్లకు పైనే. విమానంలో రెండు గంటలే, కానీ ఆ విమానం మర్నాటిది. ఆయన బతికి బట్టకట్టారు. మా మరదలు ఈ కథ ధైర్యం చెప్పడానికే చెప్పింది: "చూడండి వదినా, ఏం కాలేదు." మావారు నా వైపు చూడలేదు, గోడ మీద క్యాలెండర్ వైపు చూశారు.

మారిషస్‌లో ఈ బెంగ తక్కువ. దేశం కాబట్టి తన డాక్టర్లు తనకున్నారు. 1,300 కిలోమీటర్ల అవతల పెద్దన్న ఉన్నాడులే అని వాళ్ళు అనుకోవడానికి లేదు. చాలావరకు తమ దగ్గరే ఉంచుకోవాల్సి వచ్చింది. దీని ముందు నా అమ్మమ్మ, పడవవాడు, ఎదురింటావిడ, అందరూ కలిసి నిలబడినా సరిపోరు. ఒప్పుకుంటున్నాను.

సునామీ సంగతి కూడా. సిప్పీఘాట్ దగ్గర రోడ్డు పక్కన ఒకప్పటి పొలాలని తమ్ముడు చూపించాడు. 2004 డిసెంబరు 26 ఉదయం భూకంపానికి ఆ దీవి దక్షిణపు వైపు నేల దాదాపు ఒక మీటరు కుంగింది. సముద్రం లోపలికొచ్చి మళ్ళీ పూర్తిగా పోలేదు. వరిచేలు ఉప్పునీటి మడుగులయ్యాయి. మావారు బండి దిగి చాలాసేపు చూశారు. "బుడమేరు నయం, వెళ్ళిపోయింది" అన్నారు.

ఇన్ని చెప్పి కూడా నేను అండమాన్ వైపే ఉన్నాను. తెలివైన లెక్క కాదని తెలుసు. స్టెంట్లున్న మనిషికి మారిషస్ మంచిది, డాలర్ల మనిషికి మారిషస్ మంచిది, తుఫానుకి పద్ధతిగా తలుపులేసుకునే అలవాటున్నవాళ్ళకి మారిషస్ ఇంకా మంచిది. నాకు మాత్రం మర్యాదగా బతకడం కంటే పోట్లాడుతూ బతకడం వచ్చు. నీళ్ళు రాకపోతే గేటు దగ్గరికి వెళ్ళి అరిచే ఊళ్ళోనే నాకు నిద్రపడుతుంది.

సింగ్‌నగర్ ఇల్లు అమ్మడం లేదు. వచ్చే మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలకి తమ్ముడి వీధిలోనే రెండు గదులు అద్దెకి మాట్లాడాం. మావారి షరతు ఒకటే: వెళ్ళే ముందు ఇక్కడి డాక్టరు సరేననాలి. డాక్టరు గారు రిపోర్టులన్నీ చూసి, "అక్కడ ఎండ ఎక్కువా?" అని అడిగారు. విజయవాడలో కూర్చుని! సరే, వెళ్ళమన్నారు.

మొన్న మార్కెట్టుకి వెళ్ళినప్పుడు మావారు స్టీలు సామాన్ల కొట్టు ముందు ఆగారు. చాలాసేపు తిరగేసి మూతలున్న పెద్ద బిందెలు రెండు బేరం చేశారు. విమానంలో ఇవెలా తీసుకెళ్తామండీ అంటే, "ఓడలో వెళ్దాం, విశాఖ నుంచి ఎప్పుడుందో కనుక్కో" అన్నారు. ఆ ఓడ ఎప్పుడో గానీ ఉండదు. రోజూ ఫోన్ చేస్తున్నాను. అవతల ఎవరూ ఎత్తడం లేదు.